వీపు విమానం మోత

రేణిగుంటలో విమానం ఎక్కినవాళ్లు కొందరే ఉండొచ్చు. కానీ "వీపు విమానం మోత మోగుతాది" అనే మాట వినకుండా పెరిగిన పిల్లోడు మాత్రం ఉండడు. మనలో చాలామందికి విమానం కంటే ముందు పరిచయమైంది దాని మోతే!

మన దగ్గర చెయ్యి లేచిందంటే కోపమే అనుకోనక్కర్లేదు. టీవీ రిమోట్ మొరాయిస్తే రెండు తగిలిస్తాం. పుచ్చకాయ పండిందో లేదో అరచేత్తో కొట్టి చూస్తాం. బస్సు కదలాలంటే క్లీనర్ రేకు మీద చరుస్తాడు. ఫ్రెండ్‌కి ప్లేస్‌మెంట్ వస్తే అభినందనలన్నీ వాడి వీపు మీదే. వినాయకుడి ముందు మన చెంపలు మనమే వేసుకుంటాం. ఇక ఇంట్లో మొట్టికాయ, లెంపకాయ, తొడపాశం... ఐటీ కంపెనీల్లో కూడా ఇన్ని గ్రేడ్లుండవు.

అయితే నీళ్లలాగే దెబ్బ కూడా పల్లానికే పారుతుంది. నాయన కొడుకుని, అన్న తమ్ముణ్ణి, సారు స్టూడెంటుని, సీనియర్ జూనియర్‌ని కొడతారు. మేనేజర్ మీద చెయ్యెత్తిన ట్రైనీని ఎప్పుడైనా చూశారా? "కోపం ఆపుకోలేకపోయా" అంటాం గానీ, ఎదుటివాడి హోదా చూసుకునేంత టైం ఆ కోపానికి ఎప్పుడూ ఉంటుంది.

మన విమానాశ్రయం కూడా ఒకసారి ఇలాంటి వార్తల్లోకెక్కింది. 2015 నవంబరులో ఇక్కడ ఎయిరిండియా మేనేజర్‌పై చేయి చేసుకున్నారన్న ఆరోపణతో నమోదైన కేసులో, రాజంపేట ఎంపీ మిథున్ రెడ్డి 2016 జనవరిలో అరెస్టయ్యారు. ఆ ఆరోపణను ఆయన పార్టీ ఖండించింది. 2017 మార్చిలో ఢిల్లీలో శివసేన ఎంపీ రవీంద్ర గైక్వాడ్ అయితే, ఎయిరిండియా ఉద్యోగిని చెప్పుతో 25 సార్లు కొట్టానని తానే చెప్పుకున్నారు. విమాన సంస్థలు ఆయన్ను ఎక్కించుకోబోమన్నాయి. అదే ఏడాది సెప్టెంబరులో కొత్త నిబంధనలు వచ్చాయి. వాటి ప్రకారం విమానంలో చేయి చేసుకున్నవారిపై 6 నెలల వరకు నిషేధం పెట్టొచ్చు. ఈ రెండు వార్తల్లోనూ అవతల ఉన్నది డ్యూటీలో ఉన్న ఉద్యోగి. రేపు ఆ కౌంటర్ వెనక మీరే ఉండొచ్చు.

బడిలో పిల్లల్ని కొట్టడాన్ని, మానసికంగా వేధించడాన్ని విద్యాహక్కు చట్టంలోని 17వ సెక్షన్ నిషేధించింది. ఆ చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. కానీ "సారు కొట్టబట్టే ఇంతవాళ్లమయ్యాం" అనే డైలాగ్ మాత్రం ఇంకా పోలేదు. నన్నడిగితే దెబ్బ నాకు నేర్పింది లెక్కలు కాదు, తప్పును దాచడం.

నా మొదటి ఉద్యోగంలో నేను మార్చిన ఒక్క లైను వల్ల కస్టమర్లకు తప్పు రిపోర్టులు వెళ్లాయి. పది నిమిషాల్లో నాకు విషయం అర్థమైంది. నోరు తెరిచి చెప్పడానికి మూడు గంటలు పట్టింది. ఆఫీసులో ఎవరూ కొట్టరని తెలుసు. అయినా చెయ్యి దానంతటదే చెంప మీదికి పోయింది! టీమ్ లీడ్ ఒకటే అన్నారు: "తప్పు అందరం చేస్తాం. ఆ మూడు గంటలే మనల్ని ముంచాయి."

సాఫ్ట్‌వేర్ రంగంలో 'బ్లేమ్‌లెస్ పోస్ట్‌మార్టమ్' అనే పద్ధతి ఉంది. సిస్టమ్ పడిపోతే ఎవరిని తిట్టాలి అని కాకుండా, ఎలా జరిగింది, మళ్లీ జరగకుండా ఏం చేయాలి అని రాసుకుంటారు. మంచితనం కోసమే కాదు, భయపడేవాడు నిజం ఆలస్యంగా చెబుతాడు కాబట్టి.

ఇంటర్వ్యూలో "మీరు చేసిన ఒక తప్పు చెప్పండి" అని అడిగేదీ అందుకే. మనలో చాలామంది "నాకు పర్ఫెక్షన్ ఎక్కువ సార్" అంటాం. అది జవాబు కాదు, చెంపకు చెయ్యి అడ్డం పెట్టుకోవడం. మీ ప్రాజెక్టులో ఏం తప్పు జరిగింది, ఎప్పుడు గమనించారు, ఎవరికి చెప్పారు, ఎలా సరిచేశారు? ఈ నాలుగూ నాలుగు వాక్యాల్లో చెప్పడం ఇవాళే ప్రాక్టీస్ చేయండి.

ఇంకో మాట. తిన్న దెబ్బను కింది బ్యాచ్‌కి బాకీ తీర్చకండి. 1997 నాటి మన ర్యాగింగ్ నిషేధ చట్టం ప్రకారం జూనియర్‌పై చేయి చేసుకుంటే ఏడాది వరకు జైలు పడొచ్చు. మీరు సరదా అనుకున్న ఆ ఒక్క దెబ్బ, ఆఫర్ లెటర్ చేతికొచ్చే టైంలో కేసుగా ఎదురు రావచ్చు.

రేపు మీ కింద కూడా ఒక ట్రైనీ చేరతాడు. ఒకరోజు బిక్కమొహంతో వచ్చి "అన్నా, ఒక తప్పు చేసినా" అంటాడు. ఆ క్షణంలో మీ చెయ్యి కీబోర్డు మీదే ఉందనుకోండి, విమానం మోత అక్కడితో ఆగినట్టే.