ఇసకలో రాయేదీ?

పక్కింటి పిల్లోడి ఇంగ్లీషు గైడు చూసినప్పట్నించీ నాకు ఒకటే చిరాకు. ‘లీవ్ నో స్టోన్ అన్‌టర్న్డ్’కి అర్థం ‘ఏ రాయినీ తిప్పకుండా వదలరాదు’ అని అచ్చేశారు. బాగా గాలించడం అంటే సరిపోయేదానికి ఈ రాళ్ల గోలేంది? చేపలు ఆరేస్తా వాళ్ల నాయనమ్మ వినింది. ‘‘మన మైపాడులో తిప్పేదానికి రాయి యాడుందిరా, అంతా ఇసకే గదా!’’ అనింది.

ఈ మాట పుట్టింది గ్రీకుల దగ్గర. వాళ్లకి రాళ్లున్నాయి, చెల్లింది. క్రీ.పూ. 479లో ప్లాటియా యుద్ధంలో పోయిన పర్షియా సేనాని మార్డోనియస్ ధనం పాతిపెట్టాడనీ, దాన్ని ఎతికేవాడికి డెల్ఫీ సోదిలో ‘ప్రతి రాయీ కదిలించు’ అని వచ్చిందనీ వాళ్ల కథ.

మనకి అంతకంటే పదునైన సామెత ఉంది: చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా ఎతికినట్టు. ఆ తల్లి ఎతకడంలో లోటేం చెయ్యలా. ఇల్లిల్లూ తిరిగింది, సందుగొందులు చూసింది, బావిలోకి తొంగిచూసింది. ఎంత ఎతికామనేది కాదు, ముందు ఎక్కడ చూడాలనేది తెలియాలి. గైడు రాసినోళ్లకి ఇది తట్టలేదు.

ఇదే చెప్తే ఆ నాయనమ్మ నవ్వలేదు. ‘‘చంకలో ఉంటే మేలే నాయనా. పడవ యాడ ఆగిందో తెలవనోళ్లకి ఆ చంకన్నా లేదే!’’ అనింది.

ఆ మాటతో నా కోపం గైడు మీంచి మళ్లింది. వేటకు పోయిన పడవ రాకపోతే ‘ముమ్మరంగా గాలిస్తున్నారు’ అని వార్త రాసి ఊరుకుంటారు. ఏ పొద్దు నించి, యాడ నించి? అది రాయరు! సముద్రంలో ఆగిన పడవ ఆగినచోట ఉండదు. మన తీరం వెంట ప్రవాహం ఫిబ్రవరి నించి వేసవి దాకా ఉత్తరానికి లాగుతుంది, అక్టోబరు నించి డిసెంబరు దాకా దక్షిణానికి. హైదరాబాదులోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ వాళ్లు 2016లోనే ‘సారట్’ అనే సాధనం తెచ్చారు. పడవ ఆఖరున కనపడిన చోటు, వేళ చెప్తే, ఎటు కొట్టుకుపోయి ఉంటుందో లెక్కగట్టి చూపిస్తుంది. ఆ రెండూ చెప్పేవాళ్లు లేకపోతే అదేం చేస్తుంది? లక్ష పడవలకి ట్రాన్స్‌పాండర్లు పెట్టే కేంద్ర పథకం 2024 ఆగస్టు 30న మొదలైంది. ఫోన్ సిగ్నల్ అందని చోట నించి కూడా దాంతో కబురు పంపొచ్చు. మన రేవుల్లో ఏ పడవకి అది ఉంది, దేనికి లేదు, ఉన్నది పనిచేస్తోందా అని మనిషి కనపడకపోయాక అడగడం దారుణం. వేటకి పోకముందే అడగాలి.

రేవులో ఉన్నోళ్లారా, ఎటు పోతున్నారో, ఏ పొద్దుకి వస్తారో ఇంట్లో చెప్పి పోండి. ఇంట్లోవాళ్లారా, ఆ పొద్దు దాటితే తెల్లారేదాకా ఆగొద్దు. కోస్ట్‌గార్డు నంబరు 1554.