హానా, దూల్, సెత్... లాభం, రెండు, మూడు

మా చిన్నది ఇంటర్ మొదటి సంవత్సరం. రెండేళ్ల నుంచి కొరియా సీరియళ్లు, కొరియా పాటలు అంటే ప్రాణం. అన్నం తింటూ కూడా వేళ్ల మీద "హానా, దూల్, సెత్, నెత్" అని లెక్కపెడుతుంది. మా బీర్కూర్‌లో ఈ పిల్లకు కొరియన్‌తో పనేముంది అని నేను విసుక్కునేదాన్ని. మీ ఇంట్లో కూడా ఇంతే కదా!

పోయిన చలికాలం ఒక శనివారం పని మీద బాన్సువాడ వెళ్లాను. ఇంట్లో మా అత్తమ్మ, చిన్నది. అత్తమ్మకు షుగర్. పక్కింటి అమ్మాయి నర్సు పని చేస్తుంది. పొద్దున డ్యూటీకి పోతూ మిషన్‌తో చూసి, "అరవై ఎనిమిదే ఉంది పెద్దమ్మా, జల్ది ఏమన్న తిను, మీ కోడలికి చెప్పు" అని వెళ్లిందట. నేను ఫోన్ చేసి ఎంత ఉందని అడిగితే, అత్తమ్మ చెప్పింది విని చిన్నది నాకు "ఎయిటీ సిక్స్ అంట మమ్మీ" అంది. ఎనభై ఆరు అంటే బాగానే ఉంది కదా అనుకున్నాను. శనివారం దీపం పెట్టందే ఆమె ముద్ద ముట్టదు. "సరే, దీపం పెట్టుకున్నాకనే తినమను" అని ఫోన్ పెట్టేశాను.

నేను వచ్చేసరికి అత్తమ్మ దేవుడి గది ముందు గోడకు ఆనుకుని కూర్చుంది. ఒళ్లంతా చెమట, చేతులు వణుకుతున్నాయి. చక్కెర నీళ్లు తాగించాక కాసేపటికి తేరుకుంది. దేవుడి దయ.

తర్వాత నా కోపమంతా పిల్ల మీదికి మళ్లింది. "కొరియాల పది దాకా చెప్తవు గని, తెలుగుల అరవై ఎనిమిది అంటే తెల్వదా నీకు?" అని అరిచాను. అది ఏడుస్తూ ఒకటే మాట అంది. "నువ్వు ఇంట్ల ఎప్పుడన్న అరవై అన్నవా మమ్మీ?"

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. బీఏ తెలుగు చదివినదాన్ని. ఛందస్సులో గణాలు లెక్కపెట్టినదాన్ని. అయినా పాలవాడితో "సిక్స్టీ రుపీసా?" అంటాను. ఫోన్ నంబరు "నైన్ ఫోర్" అని చెప్తాను. కుక్కర్ విజిల్స్ కూడా "వన్, టూ, త్రీ" అనే లెక్కపెడతాను. పిల్లకు తెలుగు అంకెలు వినిపించిందే అత్తమ్మ నోటి నుంచి. ఆమెతో మాట్లాడేది ఎంతసేపు?

మరునాడు దాని దగ్గర కూర్చుని, "నాకు నీ కొరియా లెక్కలు నేర్పు, నేను నీకు మన లెక్కలు నేర్పుతా" అన్నాను. మొదట నమ్మలేదు. తర్వాత నోట్‌బుక్ తెచ్చింది.

కొరియన్‌లో అంకెలు రెండు రకాలట. ఒకటి వాళ్ల సొంత లెక్క: హానా, దూల్, సెత్, నెత్, దాసొత్, యొసొత్, ఇల్గొప్, యొదొల్, ఆహొప్, యొల్. రెండోది చైనా భాష నుంచి వచ్చింది: ఇల్, ఈ, సమ్, స, ఓ, యుక్, చిల్, పల్, గు, షిప్. వస్తువులు, మనుషులు, వయసు లెక్కపెట్టడానికి సొంత అంకెలు. డబ్బులు, తేదీలు, ఫోన్ నంబర్లకు రెండోవి. టైము చెప్పేటప్పుడు రెండూ కలుస్తాయి. గంటలకు ఒకటి, నిమిషాలకు ఒకటి. మూడున్నర అనాలంటే "సే షి సమ్ షిప్ పున్". అందులో మొదటి మూడు "సే", ముప్పైలోని మూడు "సమ్".

"ఇదేం తలనొప్పి లెక్కనే?" అన్నాను. అన్నాక నాకే నవ్వొచ్చింది. మనకు లేదా? ఒకటి, రెండు, మూడు మన సొంతం. పండుగలకు విదియ, తదియ, చవితి, ఏకాదశి అంటే అవన్నీ సంస్కృతం నుంచి వచ్చినవి. ఏకాదశి ఉపవాసం అంటాం గానీ పదకొండో రోజు ఉపవాసం అనం కదా. వాళ్లకు చైనా ఎలాగో మనకు సంస్కృతం అలాగ.

వాళ్లు మనుషులను లెక్కపెడితే అంకె పక్కన "మ్యొంగ్" అంటారు, జంతువులకు "మారి", పుస్తకాలకు "క్వొన్". మరి మనమో? రెండు బర్రెలు అంటాం, ఇద్దరు మనుషులు అంటాం. మా చిన్నది "రెండు మంది ఫ్రెండ్స్" అనేది. కొరియన్‌లో మనిషికీ వస్తువుకూ తేడా చూపించాలని పట్టుదలగా నేర్చుకున్న పిల్లకు, ఇద్దరు, ముగ్గురు, నలుగురు, ఐదుగురు అని చెప్పగానే ఎక్కింది. "మనకు గూడ ఉందా మమ్మీ!" అంది.

అసలు విషయం పదుల దగ్గర తేలింది. వాళ్ల రెండో లెక్కలో పది "షిప్". ఇరవై "ఈ షిప్", అంటే రెండు పదులు. అరవై "యుక్ షిప్", అంటే ఆరు పదులు. నేను కాగితం మీద రాశాను: ఇరువది, ముప్పది, నలుబది, ఏబది, అరువది. ఇవే వాడుకలో ఇరవై, ముప్పై, నలభై, యాభై, అరవై అయ్యాయి. చివరన ఉన్నది మన పదే. అరవైలో ఆరు దాక్కుని ఉంది, ఎనభైలో ఎనిమిది ఉంది. "యుక్ షిప్ అంటే అరవై, పల్ షిప్ అంటే ఎనభై" అని అది తనకు తానే చెప్పుకుంది. మళ్లీ ఆ రెండింటి దగ్గర తడబడలేదు.

వయసు చెప్పేటప్పుడు భలే సరదా. నలభై నాలుగేళ్లంటే "మాహున్ నే సల్". పూర్వం కొరియాలో పుట్టగానే బిడ్డకు ఒక ఏడు అని లెక్కట. కొత్త సంవత్సరం రాగానే అందరికీ ఇంకో ఏడు కలిసేదట. 2023 జూన్ నుంచి ప్రభుత్వ పనుల్లో చాలావాటికి పుట్టినరోజు లెక్కనే వాడాలని చట్టం తెచ్చారు. ఇది విని అత్తమ్మ, "మనం గూడ అంతే గద, నలభై నాలుగు నిండి నలభై ఐదు నడుస్తుంది అంటం" అంది. ఆ నడిచే ఏడు సంగతి పక్కన పెడితే, మనమూ వయసులో ఒక ఏడు తగ్గించుకోవచ్చు!

ఇంకో ముచ్చట. వాళ్లకు నాలుగంటే భయమట. "స" అనే మాట చావు అనే మాటలా వినిపిస్తుందని కొన్ని లిఫ్టుల్లో నాలుగు బదులు ఇంగ్లీషు అక్షరం ఎఫ్ పెడతారట. అత్తమ్మకు ఇది చెప్తే ఆశ్చర్యపోలేదు. "ఏడు అంటే ఏడుపొస్తదని మా అమ్మ ఆరున్నొక్కటి అనేది" అంది. వడ్లు కొలిచేటప్పుడు ఒకటి అనకుండా "లాభం" అని మొదలుపెట్టడం కూడా ఆమే చూపించింది. లాభం, రెండు, మూడు... చిన్నది దాన్ని వీడియో తీసుకుంది.

అప్పటి నుంచి నేను కొరియన్‌ను తిట్టడం మానేశాను. పిల్ల నోట్లోకి హానా వచ్చినందుకు అరవై పోలేదు. ఇంట్లో మనం అరవై అనడం మానేసినందుకు పోయింది. అయినా పరాయి లెక్క మన దగ్గర కొత్తనా? పావుసేరు, సవాసేరు అని మన పెద్దలు కొలవలేదా? గల్ఫ్ పోయిన మన ఊళ్ల మొగోళ్లు అరబ్బీలో "వాహద్, ఇత్నైన్" అని లెక్కపెట్టడం నేర్చుకోలేదా? వాళ్లెవరూ అరవైని మర్చిపోలేదు, ఎందుకంటే ఇంటికొస్తే ఇంట్లో అరవై ఉండేది.

కొందరు అంటారు, ఇంగ్లీషు అంకెలతో పని జరుగుతుంది కదా, ఇవెందుకు అని. బ్యాంకులో, బడిలో జరుగుతుంది, నిజమే. కానీ ఇంట్లో పెద్దవాళ్లు ఉన్నారు. వాళ్ల నొప్పి ఎన్ని రోజుల నుంచో, మాత్ర ఎన్ని గంటలకు వేసుకున్నారో, పింఛన్ ఎంత చేతికొచ్చిందో వాళ్లు తెలుగులోనే చెప్తారు. అది మనవరాలికి అర్థం కాకపోతే ఒకే ఇంట్లో ఉండి కూడా వాళ్లు ఒకరికొకరు కాకుండా పోతారు. మా ఇంట్లో అది ఆ శనివారం చూశాను. మళ్లీ చూడదలుచుకోలేదు.

అందుకని మనం పెద్ద పనులేమీ చేయక్కర్లేదు. పాల లెక్క పైకి తెలుగులో చెప్పండి. కూరగాయల దగ్గర "ఇరవై ఐదు" అనండి. విజిల్స్ ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టండి. పిల్ల హానా అంటే మీరూ హానా అనండి, వెంటనే లాభం అనండి. నవ్వుతుంది, గుర్తుపెట్టుకుంటుంది.

ఇప్పుడు మా ఇంట్లో పొద్దున షుగర్ చూసేది చిన్నదే. మిషన్ చూసి నాయనమ్మకు తెలుగులో చెప్తుంది, నాకు కొరియన్‌లో చెప్పి పరీక్ష పెడుతుంది. నిన్న వంటింట్లో ఉన్న నాకు "పెక్ షిప్ ఈ" అని అరిచింది. నేను వేళ్లు మడిచి ఇంకా లెక్కపెట్టుకుంటూనే ఉన్నాను, లోపలి నుంచి అత్తమ్మ గొంతు వినిపించింది. "నూట పన్నెండు అంటుందే!"