యాభై గడపల పరిచయం

ఒకటో తారీఖు. ఇంకా తెల్లారలేదు. మిరప కోతలకు వెళ్లే ఆటో వీధి మలుపులో ఆగి హారన్ కొడుతోంది. క్యారేజీ సర్దుకుంటున్న మామ్మ గడపలోకి ఓ అమ్మాయి వచ్చి నిలబడింది. చేతిలో సెల్‌ఫోన్, దానికి తగిలించిన వేలిముద్రల యంత్రం, సంచిలో పింఛను డబ్బులు.

"మామ్మా, వేలు పెట్టు."

పడలేదు. ఇంకో వేలు పెట్టింది. అదీ పడలేదు.

"కాయలు కోసీ కోసీ గీతలన్నీ అరిగిపోయాయే అమ్మాయ్! నేనెవరో నీకు తెలీదూ?"

అమ్మాయికి తెలుసు. తెలియాల్సింది ఫోనుకే! చివరికి కళ్లు చూపిస్తేగానీ అది ఒప్పుకోలేదు.

ఉమ్మడి గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తి, మిరప పల్లెల్లో ఇలాంటి తెల్లవారుజాములు దాదాపు నాలుగేళ్లు నడిచాయి. 2019 ఆగస్టు 15న ఆంధ్రప్రదేశ్‌లో వాలంటీర్ల వ్యవస్థ మొదలైంది. పల్లెల్లో యాభై ఇళ్లకు ఒకరు. రాష్ట్రం మొత్తమ్మీద రెండున్నర లక్షల మందికి పైనే. నెలకు గౌరవ వేతనం రూ.5 వేలు. 2020 ఫిబ్రవరి నుంచి పింఛను ఇంటికే తెచ్చివ్వడం వారి పనైంది.

పింఛనుతో పని అయిపోతుందనుకుంటే పొరపాటే. రేషన్ కార్డులో కోడలి పేరు ఎక్కలేదని ఒకరు, ఆధార్‌లో పుట్టిన తేదీ తప్పు పడిందని ఇంకొకరు, పిల్లాడి ఫీజుకు ఆదాయ ధ్రువపత్రం కావాలని మరొకరు... పత్తి తీతలప్పుడూ, మిరప కోతలప్పుడూ పగలు వెళితే తలుపులకు తాళాలే. అందుకే ఈ ఊళ్లలో వాలంటీరు పొద్దు పొడవకముందో, దీపాలు పెట్టాకో తిరగాలి. కరోనా రోజుల్లో అందరూ తలుపులు బిగించుకుంటే, జ్వరం ఎవరికుందో అడుగుతూ గడప గడపా తొక్కిందీ వీళ్లే.

1961లో అమెరికా మొదలుపెట్టిన పీస్ కోర్ వాలంటీర్లు పసిఫిక్ దీవుల పల్లెల్లోనూ పనిచేశారు. ముక్కూమొహం తెలియని ఊళ్లో మామూలుగా రెండేళ్లుండి, బడిలో పాఠాలు చెప్పి, సొంత దేశానికి తిరిగి వెళ్లిపోతారు. మన పల్లె వాలంటీరుకు ఆ వీలు లేదు. ఎవరి పింఛను ఆగినా, మర్నాడు పాలకేంద్రం దగ్గర ఎదురుపడేది ఆ మనిషే. "ఏమ్మా, నా పేరు నువ్వే తీసేయించావటగా?" అని నలుగురిలో అడిగితే జవాబు చెప్పుకోవాలి. తీసేసింది పైనున్న కంప్యూటర్ అంటే ఎవరు నమ్ముతారు?

అసలు చిక్కు ఆ పేరులోనే ఉంది. ఉద్యోగి అందామంటే ఉద్యోగ భద్రత లేదు. సేవ అందామంటే హాజరు తప్పదు. పాలక పక్షానికి పనిచేస్తున్నారన్న ఆరోపణ, ఇళ్లలోని వివరాలు ఎక్కడికి పోతున్నాయోనన్న అనుమానం వెంటాడుతూనే ఉన్నాయి. ఒక మనిషికి యాభై ఇళ్ల గుట్టు తెలిసినప్పుడు ఆ అనుమానాన్ని తేలిగ్గా కొట్టిపారెయ్యలేం. అలాగని ఎండలో తిరిగినవాళ్లందరినీ ఒకే గాటన కట్టడం న్యాయమూ కాదు.

2024 మార్చి 30న ఎన్నికల సంఘం వాలంటీర్లను పింఛన్ల పంపిణీ నుంచి తప్పించింది. ఏప్రిల్ ఎండల్లో ముసలివాళ్లు సచివాలయాల దారి పట్టారు. మే నెలలో చాలామంది బ్యాంకుల ముందు నిలబడ్డారు. వాలంటీర్లలో వేల మంది రాజీనామా చేశారు. కొనసాగిస్తాం, గౌరవ వేతనం రూ.10 వేలు చేస్తామన్న హామీ ఎన్నికల వేళ వినిపించింది. ప్రభుత్వం మారింది, వాలంటీర్లు మాత్రం మళ్లీ విధుల్లోకి రాలేదు. జులై 1న పెరిగిన పింఛను, రూ.4 వేలు, బకాయిలతో సహా సచివాలయ సిబ్బంది చేతుల మీదుగా ఇంటికే వచ్చింది.

ఇంటికి తెచ్చివ్వడమనే అలవాటు మిగిలింది. మొదట అలవాటు చేసినవాళ్లు లేకుండా పోయారు.

ఇంటర్, డిగ్రీ చదివి, ఊళ్లో ఉంటూనే పదిమందికి పనికొస్తామని నమ్మిన పిల్లలు వాళ్లు. ఏ మామ్మకు ఏ వేలు పడుతుందో, ఏ తాతకు చెవుడో, ఏ ఇంట్లో మందులకు డబ్బుల్లేవో వాళ్లకు కంఠతా వచ్చు. ఏ ప్రభుత్వమైనా ఉత్తర్వుతో ఒక పనిని ఆపగలదు. ఆ పరిచయాన్ని మాత్రం మళ్లీ ఉత్తర్వుతో పుట్టించలేదు.