గోడమీది బొమ్మకు వెల

మా గౌలిపురాలో గోడ యనునది ఎన్నడును ఊరకుండదు. బోనాలు వచ్చుసరికి కోవెలగోడకు క్రొత్త సున్నము పడును, పోతరాజు మీసములకు నల్లరంగు దిద్దుదురు. ఎన్నికలలో గుర్తులు, తక్కిన దినములలో ప్రకటనలు. ఆ బొమ్మలకు వెల యడిగినవారు లేరు. అట్టి బొమ్మ గోడదిగి, అద్దపుచట్రములో గూర్చుండి, వేల రూపాయలు పలుకుటయే యిప్పటి వింత.

మా పొరుగింటి యిల్లాలి కుమారుడు రాత్రులందు రంగుడబ్బాలతో గోడలు చిత్రించుచుండెడివాడు. (అడుగక పరుల గోడ ముట్టుట తగదని మేమే మందలించితిమి.) ఇప్పుడు చిత్రకళాశాలలో చేరి ముద్రాచిత్రములు నేర్చెదనని పట్టుబట్టినాడు. తండ్రి దుకాణములో గూర్చుండుమనుచున్నాడు. "బొమ్మలు కూడు పెట్టునా వదినా?" యని యామె మమ్మడిగినది.

పెట్టిన చోట్లు గలవు. బాంక్సీ యను మారుపేరుగల చిత్రకారుడు 2002లో లండనులోని వాటర్లూ వంతెన ప్రక్కగోడపై, ఎఱ్ఱని బుడగ జాఱిన బాలికను చిత్రించెను. ఆ గోడబొమ్మ నేడు లేదు. పిదప దానినే కాగితములపై నచ్చొత్తి, సంతకము గలవి 150, లేనివి 600 విడుదల చేసిరి. గుడ్డపై వేసిన ప్రతి యొకటి 2018లో వేలము ముగిసిన క్షణముననే చట్రములో దాచిన కత్తులచే సగము చీలికలైనది. ఆ చీలికల బొమ్మయే 2021లో 1 కోటి 85 లక్షల పౌండ్లకు పైగా పలికినది! చినిగిన చీరకు మన అంగళ్లలో ఎవరైన నిట్లిత్తురా?

అంత దూరమేల? మెదకు సీమలోని నిజాంపూరున 1940లో జన్మించిన లక్ష్మాగౌడుగారు హైదరాబాదులో చిత్రకళ నభ్యసించి, 1963లో బరోడాకేగి, కె.జి. సుబ్రహ్మణ్యన్‌గారియొద్ద భిత్తిచిత్రకళను, దానితో ముద్రణకళను నేర్చిరి. వారికి పేరు తెచ్చినది గోడకంటె రేకే. తమ పల్లెలోని మేకలు, చెట్లు, స్త్రీపురుషులు సన్నని గీతలై కాగితమున కెక్కిరి. హైదరాబాదు విశ్వవిద్యాలయమున నెందఱకో విద్య గఱపిరి. 2016లో పద్మశ్రీ లభించినది.

ఆ పని తేలిక గాదు. రాగిరేకునకు మైనపుపూత పూసి, సూదితో గీసి, ఆమ్లమున ముంచుదురు. గీత పడినచోట ఆమ్లము రేకును దినును. ఆ పల్లములలో సిరా నింపి, పైభాగము తుడిచి, తడికాగితముతో యంత్రమున నొత్తుదురు. ఒత్తినకొలది గీత యరుగును గనుక ప్రతులు మితముగా నుండుట న్యాయమే. అంచున పెన్సిలుతో 7/25 అని యున్నచో ఇరువదియైదింటిలో నేడవదని యర్థము. కంప్యూటరు యంత్రముచే దీసిన ప్రతులకు అరుగుదల లేదు; అక్కడ సంఖ్య కేవలము వెలకొఱకే. కొనువారు ఏ పద్ధతిని ముద్రించిరో, ఎన్ని ప్రతులో, మరల ముద్రింపరని వ్రాసియిత్తురో తప్పక యడుగవలెను. అడుగుటకు సిగ్గుపడువారికే నకలు అంటగట్టుదురు.

ఒక్క సంగతి మాకు మనసున గ్రుచ్చుచున్నది. ముంగిట ముగ్గు తెల్లవాఱి వేసి సాయంకాలమునకు పోగొట్టుకొను మనము, అందఱును చూడగల బొమ్మ ఒక్కరి గదిలోని కేగుట జూచి సంతసింపలేము. అయినను కడుపునకు లేనివానిని గోడకే కట్టివేయుట న్యాయమా? పిల్లవానిని జేర్పింపుమని యామెకు చెప్పితిమి. దరఖాస్తుల గడువు కనుగొని రమ్మని మా యింటివారిని పంపితిమి. తండ్రి యింకను ఒప్పుకొనలేదు.