సముద్రం మీ మోరీ కాదు

పటాన్‌చెరు నీళ్లు చూసినవాళ్లం మేం. ఇసకవాగు రంగు మారింది, నక్కవాగు కంపు కొట్టింది, ఆ నీళ్లే పోయి మంజీరల కలిసినయి. ఇప్పుడు అనకాపల్లి జిల్లా నక్కపల్లిల మందుల ముడిసరుకు పార్కుకు 2025 జనవరి 8న ప్రధాని శంకుస్థాపన చేసిన్రు. శుద్ధి చేసిన మురుగును గొట్టాలేసి సముద్రంలకు వదులుతరట. రాజయ్యపేట మత్స్యకారులు అదే ఏడు రోడ్డెక్కిన్రు. ఆంధ్ర తీరం సంగతి మీకెందుకని కొందరడుగుతరు. మేం రాష్ట్రం వేరు కావాలన్నం గని, గంగపుత్రుల మీద మాకేం పగ?

శుద్ధి అంటే ఏందో మమ్మల్నడగండి. పటాన్‌చెరుల సుమారు 90 మందుల కంపెనీల మురుగు ఒక్క ప్లాంటుకు చేరేది. అక్కడ శుద్ధి అయినంక బయటికొచ్చే నీళ్లలోనే లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ దొరికిందని 2007ల స్వీడన్ శాస్త్రవేత్త జోకిమ్ లార్సన్ బృందం లోకానికి చెప్పింది. ఆ మాత్ర మింగిన రోగి రక్తంల కూడా అంత ఉండదు! అప్పుడు సర్కారు చేసిందేంది? గొట్టమేసి ఆ మురుగును అంబర్‌పేట దిక్కు, మూసీ దిక్కు మళ్లించింది. ఇప్పుడు గొట్టం మూతి సముద్రం దిక్కు తిరిగింది. పెద్ద నీళ్లు కదా, కలిసిపోతదంటున్నరు.

చేపయితే ఈదుకుంట దూరం పోతది. ఆల్చిప్ప ఎటు పోతది? రాయిని కరుచుకొని, గంటకు లీటర్ల కొద్ది నీళ్లు పీల్చి, వడగట్టుకొని తింటది. నీళ్లల్ల ఏముంటే అది దాని ఒంట్లకే. బాల్టిక్ సముద్రపు ఆల్చిప్పలను నొప్పి మాత్రలైన డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్, గుండెకు వాడే ప్రొప్రనొలాల్ కలిపిన నీళ్లల్ల పెట్టి చూసిన్రు. 2010ల ఆ ఫలితాలు అచ్చయినయి. మోతాదు పెరిగితే వాటి ఎదుగుదలకు మిగిలే శక్తి తగ్గింది. రాయిని పట్టుకునే దారాల పట్టు సడలింది. పట్టు సడలిన ఆల్చిప్ప అలకు ఆగుతదా? దాన్ని తిని బతికే పీత సంగతేంది, ఏరి అమ్ముకునే ఆడబిడ్డ సంగతేంది?

అది ప్రయోగశాల మోతాదు, సముద్రంల అంతుండదని కంపెనీల తరఫున మాట్లాడే మేధావులంటరు. ఎంతుందో కొలిచి చూపియ్యండి మరి! సీఓడీ ఎంత, పీహెచ్ ఎంత అని చూస్తే మందు కనబడదు. 2020 జనవరిల కేంద్రం ముసాయిదా రాసి, మందుల కంపెనీల మురుగుల యాంటీబయాటిక్ ఎంత మించొద్దో అంకెలేసింది. 2021 ఆగస్టుల తుది నోటిఫికేషన్ వచ్చేసరికి ఆ అంకెలు మాయం. ఎవరి కడుపు నింపటానికి తీసేసిన్రు?

గొట్టం దించకముందే ఆ తీరంల ఆల్చిప్పలను పట్టి, వాటి మాంసంల ఏ మందు ఎంతుందో పరీక్ష చెయ్యాలె. ఏటేటా చెయ్యాలె. ఆ కాయితం ఇంగ్లీషుల రాసి బీరువాల పెడితే ఒప్పుకోం. తెలుగుల రాసి, రాజయ్యపేట గ్రామసభల, జనం ముందట చదవాలె.