కొండలు లేని సీమలో కొండల బొమ్మలు

కృష్ణా డెల్టాలోని యే గ్రామపాఠశాలకైనను పోయి, అచ్చటి బాలబాలికలకు నీటిరంగుల పెట్టె నిచ్చి, ప్రకృతిదృశ్య మొకటి వ్రాయుడని చెప్పి చూడుడు. గడియ గడవకమున్నే ఫలితము కానవచ్చును. మూడుమూలల కొండలు రెండు. వాని నడుమ గీతలవంటి కిరణములతో సగము సూర్యుడు. కొండల సందునుండి మెలికలు తిరుగుచు దిగివచ్చు నీలపు నది. ఒడ్డున నొక పెంకుటిల్లు, దాని ప్రక్క వంగిన కొబ్బరిచెట్టు. మీద రెక్కలే గాని దేహము లేని పక్షులు నాలుగు. అవనిగడ్డ పిల్లవాడును అదియే వ్రాయును. కైకలూరి పిల్లయు నదియే వ్రాయును. బెజవాడ దాటి బందరు దారి పట్టినది మొదలు సముద్రపుటొడ్డు వఱకు నేల యరచేతివలె పఱచుకొని యున్నదే గాని కొండ యన్నది లేదు. బెజవాడలో కొండలున్నమాట నిజమే. కాని యింద్రకీలాద్రి గాని, ఏటికావలి యుండవల్లి కొండ గాని మూడుమూలల పలకవలె నుండదు. కంటి కెదుట లేని కొండను వ్రాసి, కంటి కెదుటనున్న వరిచేనును వ్రాయలేని యీ యభ్యాసమునకు మనము చిత్రలేఖనమని పేరు పెట్టి మార్కులు వేయుచున్నాము.

ఈ దోషము బాలునిది కాదు. అయిదేండ్ల బిడ్డ చీమలబారును చూచుచు గంటసేపు కూర్చుండగలడు. వానికి చూపు లేదనువాడు బిడ్డల నెఱుగడు. ఆ చూపును మాన్పించినది మనము. బడిలో నొక యచ్చుబొమ్మను బల్లకు తగిలించి దీనివలెనే వ్రాయుడని యందుము. ఇంటిలో గళ్లు గీసి తీసిన నకలును అద్దము కట్టించి గోడకు వ్రేలాడదీయుదుము. వచ్చిన చుట్టము అచ్చముగా క్యాలెండరులోని దానివలెనే యున్నదని మెచ్చుకొనును, తండ్రి పొంగిపోవును. నేడు క్యాలెండరు స్థానమున చేతిఫోను వచ్చినది. నకలు మాత్రము నకలుగానే యున్నది. ఎండకాలపు దుమ్ము పట్టిన తుమ్మచెట్టును ఒక బాలుడు బూడిదవన్నెతో వేసినచో, చెట్టు ఆకుపచ్చగా నుండవలెనని మందలించి దిద్దించు నుపాధ్యాయులు మనలో లేరా? ఉన్నది యున్నట్లు చూచినవానికి శిక్షయు, చూడకయే చెప్పినవానికి బహుమానమును దొరకు చోట బాలుడు నేర్చుకొను పాఠము చిత్రలేఖనముతో ముగియదు. పెద్దవాడైన పిదప పరుల యభిప్రాయములను సైతము ఆతడు గళ్లు గీసియే దించుకొనును.

నీటిరంగుల విషయమున ఈ యపచారము మఱింత పెద్దది. తైలవర్ణములలో పొరపాటు పడినను దానిపై మఱియొక పూత వేసి కప్పవచ్చును. నీటిరంగులలో కాగితపు తెలుపే వెలుగు. ఎచ్చట వెలుగుండవలెనో ముందుగనే కనిపెట్టి, అచ్చట కుంచె తాకింపక విడువవలెను. తడిమీద రంగు వేసినచో అంచు కరగి మబ్బగును. ఆఱినదానిమీద వేసినచో అంచు నిలిచి గట్టగును. మేనెల యెండలో బెజవాడయందు కుంచె యెత్తునంతలో పూత యాఱిపోవును. శ్రావణమాసపు ముసురులో నెంతకును ఆఱదు. కావున నీ విద్యకు ఋతువు సైతము ఒక గురువు. అచ్చుబొమ్మ యెదుట కూర్చున్నవానికి వీనిలో నేదియు నక్కఱలేదు. వెలుగెక్కడ, నీడ యెక్కడ, ఏది విడువవలె నను ప్రశ్నలన్నిటికిని మఱియెవరో ముందే సమాధానము చెప్పియుంచిరి.

మన డెల్టా చదునునేల, దీనిలో చిత్రించుటకేమున్నదని పెదవి విఱుచువారు కొందఱు కలరు. వారు నాట్లకాలమున నొక్కసారి కాలువగట్టున నిలిచి చూడవలెను. నీరు పెట్టిన మళ్లలో మబ్బులు దిగి, మీద నొక యాకాశము, క్రింద నొక యాకాశము నుండును. పచ్చదన మన్నది రంగులపెట్టెలో నొక్కటే బిళ్ల. పొలములోనో, నారుమడిది పసుపు కలిసిన లేతపచ్చ. నాటిన క్రొత్తలో నది పాలిపోయి వెలవెలబాఱును. పొట్టకు వచ్చు వేళకు నలుపు తిరిగి, కోతనాటికి బంగారమగును. పసుపును నీలమును ఏ పాళ్లలో కలిపిన నీ పచ్చలలో నేది వచ్చునో వెదకుకొనువానికి ఒక సంవత్సరము చాలదు. ఇక కృష్ణ మాట. వరదనాడు నది మట్టికలిసి యెఱ్ఱనగును. శీతకాలమున తేటపడి యిసుకదిబ్బల నడుమ సన్నగిలును. 1957లో పూర్తియైన ప్రకాశం బ్యారేజికి ఎగువ నొక నది, దిగువ నొక నది యన్నట్లుండును. బడిపిల్లవాని నది మాత్రము పండ్రెండు నెలలును నీలమే.

మఱియొక సంగతి. ఈ పచ్చదనము కేవలము ప్రకృతిదత్తము కాదు. 1832–33లో నందన కరవు గుంటూరు సీమను శ్మశానము చేసెను. 1852లో ఆనకట్ట పని మొదలై 1855లో ముగిసిన పిదపనే కాలువలు పాఱి యీ చేలు నేటి రూపము దాల్చినవి. చేనును, కాలువను, లాకును శ్రద్ధతో వ్రాయు బాలుడు తన తాతముత్తాతల చరిత్రనే వ్రాయుచున్నాడు. ఈ యూహ వానికి కలిగింపక, ఏ దేశపుదో తెలియని కొండను వ్రాయించుట న్యాయమా?

సంప్రదాయజ్ఞు లొక యాక్షేపణ చేయుదురు. భారతీయచిత్రము ధ్యానమునుండి పుట్టునదనియు, ప్రకృతిని చూచి వ్రాయుట పాశ్చాత్యుల యలవాటనియు వారి వాదము. ఈ మాట శాస్త్రము చదివి చెప్పునది కాదు. కామసూత్రమునకు జయమంగళవ్యాఖ్య రచించిన యశోధరుడు చిత్రమున కాఱంగములు చెప్పెను: రూపభేదము, ప్రమాణము, భావము, లావణ్యయోజనము, సాదృశ్యము, వర్ణికాభంగము. సాదృశ్య మనగా దేనితో సాదృశ్యము? చూడని వస్తువుతోనా? విష్ణుధర్మోత్తరములోని చిత్రసూత్రము అలను, మంటను, పొగను, గాలికాడు పతాకను వాని చలనముతో చూపగలవానినే చిత్రము తెలిసినవానిగా నెంచినది. అలను చూడక దాని చలనము నెవడు తెలిసికొనును? ధ్యానము చూపునకు పిదపటి మెట్టు. చూపునకు బదులు కాదు. పాశ్చాత్యులు మాత్రము పుట్టుకతోనే యీ పని యెఱుగుదురా? 1821, 1822 సంవత్సరములలో ఇంగ్లండున కాన్‌స్టేబిల్ అను చిత్రకారుడు హాంప్‌స్టెడ్ మిట్టపై నిలిచి మేఘములను మాటిమాటికి వ్రాసి, తేదీ, వేళ, గాలివీచు దిక్కు గుఱుతు పెట్టుకొనెను. అవి తైలవర్ణములే యైనను ఆ శ్రద్ధ మన కుపదేశమే.

మన పనివారును అచ్చులు చూచి నకలు తీయలేదా యని మఱికొందఱు బందరు, పెడన కలంకారీని సాక్ష్యము తెత్తురు. చెక్కయచ్చు వాడుట నిజమే. కాని మొదట ఆ యచ్చును చెక్కినవాడు పూవును, తీగను చూచినవాడే. ఆ రంగులు వచ్చినదియు నంగడి పెట్టెలోనుండి కాదు. కరక్కాయతో గుడ్డను పదును చేసి, త్రుప్పు పట్టిన ఇనుమును బెల్లముతో నానవేసి నలుపు తీసి, పటికతో నెఱుపును నిలుపు పని యది. నీటిగుణము, ఎండబలము తెలియనివాని కది చేతకాదు.

మన యాంధ్రదేశముననే దీనికి నిదర్శనములు కలవు. 1897లో రాజమహేంద్రవరమున పుట్టిన దామెర్ల రామారావు బొంబాయి జె.జె. కళాశాలలో చదివియు తన యూరికి తిరిగివచ్చి, గోదావరిని, తూర్పుకనుమలను, తన చుట్టుపట్ల మనుష్యులను వ్రాసెను. 1925లో, ముప్పది యేండ్లైన నిండకయే, మశూచికమువాత పడెను. ఆయనను, అడివి బాపిరాజును బాల్యమున ప్రోత్సహించినది రాజమహేంద్రవర కళాశాలాధ్యక్షుడును, స్వయముగ చిత్రకారుడునైన ఆస్వాల్డ్ కూల్డ్రే. 1910లో బందరున వెలసిన యాంధ్ర జాతీయ కళాశాలలో ప్రమోదకుమార చటర్జీ చిత్రకళ నేర్పెను. బాపిరాజు అచ్చట నాతని శిష్యుడు. శాంతినికేతనమున 1919లో నేర్పడిన కళాభవనములో నందలాల్ బోసు శిష్యులను చెట్లక్రిందికి, పొలములలోనికి తీసికొనిపోవుచుండెను. మన డెల్టాకు వచ్చినచో, దుగ్గిరాల దగ్గఱి తుమ్మపూడిలో పుట్టిన సంజీవదేవ్ హిమాలయములు తిరిగి, కులూలోయలో నికొలస్ రోరిక్ సాంగత్యము చేసియు, తుదకు తుమ్మపూడికే వచ్చి 1999 వఱకు నచ్చటనే జీవించి, చిత్రములు వ్రాయుచు తెలుగున సౌందర్యశాస్త్రమును బోధించెను. నిజమైన హిమాలయమును చూచినవానికి తుమ్మపూడి చాలెను. చూడనివారికి మాత్రము కాగితముమీద కొండలు కావలెను!

ఇక గృహస్థుల ప్రశ్న: బొమ్మలు కూడు పెట్టునా? అందఱకును పెట్టవు. పద్యము చదివిన బాలురందఱును కవులగుదురా? చిత్రలేఖనము నేర్పుట చిత్రకారులను తయారుచేయుటకే కాదు. కన్నులున్న పౌరులను తయారుచేయుటకు. కొల్లేరు కథ చూడుడు. 1999లో దానిని పక్షుల యభయారణ్యముగా ప్రకటించిరి. అయినను చేపలచెఱువుల గట్లు దానిని క్రమ్ముకొనగా, 2006లో ప్రభుత్వము వానిని త్రెంచింపవలసి వచ్చెను. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి బెజవాడ పేటలను ముంచినది. ఆ యేటి దారి యెటో దాని ప్రక్కన కాపురమున్నవారిలో నెందఱికి తెలియును? బొమ్మ వ్రాసిన మాత్రమున వరద యాగునని నేననను. కాని యేటేట నొక యేటిని చూచి వ్రాసినవానికి అది యెంత సన్నగిలినదో తెలియును. ఎన్నడును చూడనివానికి పోగొట్టుకొన్నది యేమో సైతము తెలియదు. తెలియనిదానికై యెవడును నోరెత్తడు.

ఆడుపిల్లల విషయమున నీ యన్యాయము రెట్టింపు. చిత్రలేఖనము వారికి తగిన విద్యయని మనము మెచ్చుకొందుము. వాకిలి దాటి చెఱువుగట్టున కూర్చుండి వ్రాయుదునన్నచో నలుగురు నేమనుకొందురని గదిలో కూర్చుండబెట్టుదుము. అచ్చుబొమ్మ తప్ప వేఱు ప్రకృతి లేని పిల్ల నకలు గాక యేమి వ్రాయును? దామెర్ల వారి యింట భార్య సత్యవాణియు, చెల్లెలు బుచ్చికృష్ణమ్మయు చిత్రకర్త్రులైరి. నూఱేండ్ల క్రిందట నొక యింటికి సాధ్యమైనది నేడు మన యింటి కేల కాకూడదు?

కావున నేను కోరునది స్వల్పము. వారమునకు చిత్రలేఖనపు గంట యొక్కటైనను గోడల వెలుపల జరుగవలెను. కాలువగట్టు, రావిచెట్టు, బడి వెనుక పొలము, ఏదైనను సరియే. పరీక్షలో నకలుకు మార్కులు మానవలెను. చూచి వ్రాసినది వంకరగా నున్నను దానికే మార్కులీయవలెను. ప్రతి బాలుడును, ప్రతి బాలికయు ఒక్క చెట్టు నెన్నుకొని యాఱు ఋతువులలోను వ్రాసి, వెనుక తేదీయు, వేళయు వేయవలెను. తలిదండ్రులు ఆదివారము నొక పూట బిడ్డలతో, కూతుండ్రతోను, ఏటియొడ్డున కూర్చుండవలెను. దీనికి కావలసినవి ఒక యట్ట, రెండు కుంచెలు, నాలుగు రంగులు, గిన్నెడు నీరు. నీరు మన కాలువలో నున్నది. తక్కినవి కొనిపెట్టుట మనకు భారము కాదు. ఇది చేయక, వచ్చు సంవత్సరమును మన పిల్లలు ఆ రెండు కొండలనే వ్రాసినచో, ఆ కొండలను వారి కన్నుల కడ్డముగా నిలిపినవారము మనమే యని యొప్పుకొనక తప్పదు.