కంప్యూటరు బల్ల కొంటారు, కొలత చూడరు

కంప్యూటరు ఊరి గడప దాటి ఇంట్లోకి వచ్చి చాలాకాలమైంది. 2020 మార్చిలో కరోనా కారణంగా లాక్‌డౌన్ విధించినప్పుడు హైదరాబాదు, బెంగళూరుల నుంచి కోనసీమ ఇళ్లకు చేరిన కుర్రాళ్లు భోజనాల బల్ల మీదే ఆఫీసు పని మొదలుపెట్టారు. కొందరు తిరిగి వెళ్లారు. కొందరు నేటికీ ఊళ్లోనే ఉండి రాత్రిళ్లు పని చేసుకుంటున్నారు. బడిపిల్లలకు అదే ఏడాది పాఠాలు ఫోన్లోకి వచ్చాయి. 2022 డిసెంబరు 21 నుంచి ప్రభుత్వ బడుల్లో ఎనిమిదో తరగతి పిల్లల చేతికి ట్యాబులు కూడా వచ్చాయి. వస్తువులైతే వచ్చాయి గాని, వాటి ముందు మనిషి ఎలా కూర్చోవాలన్నది ఎవరికీ పట్టలేదు.

ఫలితం కళ్లముందే ఉంది. ఊడ్పులు ఊడ్చినవారికి నడుము నొప్పి రావడం ఈ డెల్టాకు కొత్త కాదు. ఏనాడూ చేలో దిగని పాతికేళ్ల కుర్రాడు మెడకు మందు రాసుకోవడమే కొత్త. 'కుర్చీలో కూర్చుని చేసే పనికి నొప్పేమిట్రా?' అని తండ్రి అడుగుతాడు. ప్రశ్న సబబుగానే కనిపిస్తుంది గాని సరికాదు. మనిషి తల బరువు సుమారు అయిదు కిలోలు. నిండు బిందె చంకనెత్తుకుని వీధి చివరిదాకా నడవవచ్చు. అదే బిందెను చెయ్యి చాచి పట్టుకుంటే నిమిషం నిలవలేం. తల ముందుకు వాల్చి గంటలకొద్దీ తెరకేసి చూసేవాడి మెడ చేస్తున్నది ఈ రెండో పనే.

పనిని బట్టి, మనిషిని బట్టి ఆసనం అమర్చుకోవడం మనవాళ్లకు తెలియని విద్యేమీ కాదు. బండారులంకలోనో, ఉప్పాడలోనో గుంట మగ్గం చూసినవారికి ఈ సంగతి అర్థమవుతుంది. నేసేవాడు గుంట అంచున కూర్చుంటే కాళ్లు కింద తొక్కుడు చెక్కల మీద ఆనాలి, చేతులు నేత దగ్గర భుజం ఎగరకుండా ఆడాలి. పొట్టివాడు కూర్చునే చోట పొడుగువాడు కూర్చుంటే సర్దుబాటు చేసుకోక తప్పదు. మగ్గానికి చూసుకునే ఈ కొలతను కంప్యూటరు దగ్గర మాత్రం మరచిపోతున్నారు.

కొలత ఏమంత కష్టమైనది కాదు. ఇళ్లలో వాడే మామూలు కుర్చీ ఎత్తు పదిహేడు అంగుళాలు ఉంటుంది. పదేళ్ల పిల్లకు మోకాలి వెనక మడత నుంచి నేలకు కొలిస్తే పధ్నాలుగు అంగుళాలకు అటూ ఇటూగా వస్తుంది. అంటే ఆ పిల్ల కాళ్లు గాలిలో వేలాడతాయి. తొడల కింద కుర్చీ అంచు నొక్కుకుంటుంది. కాళ్లు తిమ్మిరెక్కుతాయి. పిల్ల ముందుకు జరుగుతుంది, వీపుకు ఆనుడు పోతుంది, వెన్ను విల్లులా వంగుతుంది. ఇక బల్ల సంగతి. భోజనాల బల్ల ముప్పై అంగుళాల ఎత్తు. కూర్చున్న పిల్ల మోచెయ్యి నేలకు ఇరవై నాలుగు అంగుళాల ఎత్తున ఉంటుంది. ఆ తేడా ఆరంగుళాలూ భుజాలు ఎగరేసి పూడ్చుకోవాల్సిందే. పెద్దవాళ్లకైనా కీబోర్డు ఉండవలసిన చోటు ఇరవై ఆరు, ఇరవై ఏడు అంగుళాలే. కంప్యూటరు బల్లలకు కింద బయటికి లాగే పలక ఒకటి పెట్టింది ఇందుకే. ఆ పలక మీద ఇప్పుడు కరెంటు బిల్లులు దాచుకుంటున్నారు, కీబోర్డు పైకెక్కింది!

'ఎదిగే పిల్లాడు, పెద్దయ్యాక కూడా పనికొస్తుంది' అని పెద్ద కుర్చీ కొనే తల్లిదండ్రులే ఎక్కువ. బడి చొక్కా వదులుగా కుట్టిస్తే చెయ్యి మడత పెట్టుకోవచ్చు. కుర్చీ కాలు మడత పెట్టలేం. తప్పనిసరై పెద్ద కుర్చీలోనే కూర్చోబెట్టాల్సివస్తే పిల్ల కాళ్ల కింద ఒక చెక్కపీట, వీపు వెనక గట్టి దిండు, బల్ల అందేలా కింద దళసరి దుప్పటి మడత వేస్తే చాలావరకు గండం గడుస్తుంది. ఇందులో కానీ ఖర్చు లేదు. కింద దుప్పటి వేసినంత మేరా కాళ్ల కింద పీట ఎత్తు కూడా పెరగాలన్నది మాత్రం మరువరాదు.

రాజమహేంద్రవరం, కాకినాడ దుకాణాల్లో 'ఎర్గోనామిక్' అని చీటీ అంటించిన చక్రాల కుర్చీలు వరసగా నిలబడి ఉంటున్నాయి. ఆ మాట పుట్టి చాలాకాలమైంది. 1857లో జస్త్రెంబోవ్‌స్కీ అనే పోలండ్ దేశస్థుడు, పని అనీ నియమం అనీ అర్థమిచ్చే రెండు గ్రీకు మాటలు కలిపి కూర్చాడు. మనిషికి తగ్గట్టు పనిని అమర్చే శాస్త్రమని దాని భావం. చీటీ మీద ఆ మాట ఉన్నంత మాత్రాన కుర్చీకి ఆ గుణం వచ్చిపడదు. కారు సీటులా ఎర్రగా నల్లగా మెరిసే కుర్చీకి వేలు పోసేవారు, కొనబోయే ముందు పావుగంట అందులో కూర్చుని చూడరు. పాదాలు నేలకు పూర్తిగా ఆనుతున్నాయా, మోకాలి మడతకూ కుర్చీ అంచుకూ నడుమ రెండు మూడు వేళ్ల సందు ఉందా, నడుము వంపు దగ్గర వీపుబల్ల తగులుతోందా, చేతులు పెట్టుకునే కొమ్ములు బల్లకు అడ్డుపడుతున్నాయా అన్నవి చూసుకోవాలి. ఎత్తు పెంచి దించే మీట పిల్లకు సరిపోయేంత కిందికి దిగుతుందో లేదో మరీ ముఖ్యం. చాలా కుర్చీలు దిగవు.

ల్యాప్‌టాప్‌ది వేరే చిక్కు. తెరా, మీటలూ ఒకదానికొకటి అతికి ఉండటంతో తెరను కంటి ఎత్తుకు లేపితే చేతులు పైకి పోతాయి, చేతులకు అనువుగా దించితే మెడ వంగుతుంది. ఏది ఎంచుకున్నా ఒకటి చెడుతుంది. అందుకే రోజంతా పనిచేసేవారు విడిగా కీబోర్డు, మౌసు కొనుక్కుని, ల్యాప్‌టాప్‌ను నాలుగు లావుపాటి పుస్తకాల మీదకు ఎక్కించాలి. తెర పై అంచు కంటికి సమంగానో, కాస్త కిందుగానో ఉండాలి. చెయ్యి చాపితే వేళ్లు తగిలేంత దూరం చాలు. కిటికీ పక్కన ఉండాలి గాని వెనక ఉంటే తెర మీద వెలుగు పడుతుంది. ఇరవై నిమిషాలకోసారి ఇరవై అడుగుల అవతలికి ఇరవై సెకన్లు చూడమని కంటి వైద్యులు చెబుతారు. పెరట్లో కొబ్బరిచెట్టు ఉన్న ఊళ్లకు ఇది పెద్ద కష్టం కాదు.

దుకాణంలో దొరికే చవక బల్లల్లో ఎక్కువ భాగం రంపపు పొట్టును జిగురుతో అదిమిన చెక్క. తడి తగిలితే ఉబ్బి పొరలూడుతుంది. 1986 ఆగస్టులోనూ, 2022 జూలైలోనూ గోదావరి నీళ్లు ఇళ్లలోకి వచ్చిన లంక గ్రామాల వారికి ఇది ఏపాటి వస్తువు? ఊళ్లోని వడ్రంగి మేస్త్రికి కొలతలు ఇస్తే పాత తలుపు చెక్కతోనైనా ఇరవై నాలుగు అంగుళాల బల్ల, పధ్నాలుగు అంగుళాల కుర్చీ చేసిపెడతాడు. పిల్ల ఎదిగాక కాళ్లకు అతుకు వేయవచ్చు.

అసలు కుర్చీయే అక్కర్లేదనే వాదన ఒకటుంది. నేల మీద కూర్చోవడం తప్పు కాదు. ట్యాబును నేల మీద పడేసి దాని మీదకు వంగడం తప్పు. రామాయణం, భాగవతం చదువుకోవడానికి పెద్దలు వ్యాసపీఠం వాడేవారు. గ్రంథం కంటికి ఎదురుగా వాలుగా నిలిచేది. అటక మీద దుమ్ముకొట్టుకుపోతున్న ఆ పీఠం దింపి ట్యాబు పెడితే బ్రహ్మాండంగా అమరుతుంది. మంచం మీద బోర్లా పడుకుని చూసే అలవాటు కంటే వెయ్యి రెట్లు నయం.

ఇళ్ల మాట అలా ఉంచితే, ప్రజల సొమ్ముతో కొనే సామాను సంగతి కూడా చూడాలి. 2019 నవంబరు 14న మొదలైన మనబడి నాడు-నేడు తొలి విడతలో 15,715 బడులను తీసుకున్నారు. బల్లలు అందులో ఒక అంశం. నేల మీద కూర్చున్న పిల్లలకు బల్లలు రావడాన్ని తక్కువ చేసి మాట్లాడటం తగదు. అయితే ఆరో తరగతి గదిలోనే ఒకడు మరొకడి భుజం దాకా కూడా రాడు. యూరపు దేశాల్లో బడి సామానుకు ఇ.ఎన్.1729 అనే ప్రమాణం ఉంది. దాని ప్రకారం కుర్చీలు 35, 38, 43, 46 సెంటీమీటర్లు ఇలా మెట్లు మెట్లుగా ఉంటాయి, ఒక్కో ఎత్తుకు ఒక్కో రంగు గుర్తు. 35 సెంటీమీటర్లది పసుపు, 38 ఎరుపు, 43 ఆకుపచ్చ, 46 నీలం. ఏ పిల్లకు ఏ కుర్చీయో రంగు చూసి తెలిసిపోతుంది. మన కంప్యూటరు గదులకు ఇకముందు ఆర్డరు పెట్టేటప్పుడు రెండు మూడు ఎత్తులైనా అడగడానికి అధికారులకు అభ్యంతరమేముంటుంది?

కరపలో 2019 అక్టోబరు 2న ప్రారంభమైన గ్రామ సచివాలయాల సంగతీ ఇంతే. రైతు ధ్రువపత్రం కోసం వెళ్లి అయిదు నిమిషాల్లో తిరిగి వస్తాడు. కంప్యూటరు ముందున్న ఉద్యోగికి సాయంత్రం దాకా అదే కుర్చీ.

కొత్తవి వచ్చేదాకా ఆగనక్కర్లేదు. ప్రధానోపాధ్యాయులు, తల్లిదండ్రుల కమిటీ వారు టేపు పట్టుకుని ఒక మధ్యాహ్నం వెచ్చిస్తే పొట్టి బల్లలు ఏ గదిలో ఉన్నాయో, పొట్టి పిల్లలు ఏ గదిలో ఉన్నారో తేలుతుంది. గదులు మార్చడానికి టెండరు అక్కర్లేదు. కంప్యూటరు గదిలో కాళ్లు అందని పిల్లలకు చెక్కపీటలు వేయించడం పంచాయతీకి పెద్ద భారం కాదు. జూన్‌లో బడి తెరిచే లోపు ఈ పని పూర్తి చేయవచ్చు.